హిట్టయిన సినిమాకి రెండో భాగం వద్దనొచ్చా?

ప్రశ్న: నేను తీసిన మొదటి సినిమా కిందటేడు విడుదలైంది. చిన్న బడ్జెట్, అందరూ కొత్తవాళ్లు. ఎవరూ అనుకోనంతగా ఆడింది. ఇప్పుడు మా నిర్మాత రెండో భాగం తీద్దామంటున్నారు. కథ ఇంకా లేదు కానీ రిలీజ్ డేట్ అనుకున్నారు, సరిగ్గా పదకొండు నెలల్లో. నాకేమో ఆ పాత్రలతో పనైపోయిందనిపిస్తోంది. నా దగ్గర వేరే కథ ఉంది. ఇంట్లోవాళ్లు "లక్ష్మి తలుపు తడుతుంటే గడియ వేసుకుంటావా" అంటున్నారు. పైగా నాకు మొదటి అవకాశం ఇచ్చింది ఆ నిర్మాతే. కాదంటే కృతజ్ఞత లేనివాణ్ణవుతానేమోనని టెన్షన్‌గా ఉంది. పెద్ద పెద్ద దర్శకులు కూడా హిట్ సినిమాల సీక్వెల్స్ వద్దన్నారని వింటుంటాం. వాళ్లు ఎందుకు వద్దంటారు? నేను వద్దనొచ్చా?
— ఒక కొత్త దర్శకుడు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే చోట ఆగాను. "కథ ఇంకా లేదు కానీ రిలీజ్ డేట్ అనుకున్నారు" అని రాశారు. ఆలూ లేదు చూలూ లేదు సామెత మీకు నేను చెప్పక్కర్లేదు. వద్దన్న పెద్ద దర్శకుల్లో చాలామంది కారణం కూడా అదే.

హాలీవుడ్ సినిమా 'ది హంగర్ గేమ్స్' 2012 మార్చిలో వచ్చింది. పెద్ద హిట్. నెల తిరక్కుండానే దాని దర్శకుడు గ్యారీ రాస్ రెండోది చేయడం లేదని చెప్పేశారు. తర్వాతి సినిమా 2013 నవంబర్‌లో థియేటర్లలో ఉండాలి. రాస్ తానే రాసుకుని తీసే మనిషి. ఉన్న టైములో స్క్రిప్టు రాయడం, షూటింగ్‌కి సిద్ధం కావడం రెండూ తనకి కావలసినట్టు కుదరవని తప్పుకున్నారు. 'ట్వైలైట్' సంగతీ ఇంచుమించు ఇంతే. మొదటిది 2008 నవంబర్‌లో, రెండోది 2009 నవంబర్‌లో. మధ్యలో ఒక్క ఏడాది. మొదటిది తీసిన క్యాథరిన్ హార్డ్‌విక్ రెండోదానికి లేరు.

శామ్ రైమీ అయితే మూడు స్పైడర్‌మ్యాన్ సినిమాలు తీశాక నాలుగోదాని పనిలో దిగి మరీ ఆగిపోయారు. 2011 మేలో రిలీజ్ అని ముందే అనుకున్నారు. స్క్రిప్టు ఎన్నిసార్లు తిరగరాయించినా ఆయనకి నచ్చలేదు. ఆ తేదీకి మంచి సినిమా ఇవ్వలేనని 2010 జనవరిలో స్టూడియోకి చెప్పేశారు. వాళ్లు ఆ వరస మొత్తం పక్కన పెట్టి, కొత్త దర్శకుడితో, కొత్త హీరోతో కథని మొదటినుంచి ఎత్తుకున్నారు.

తేదీ ముందు, కథ తర్వాత వచ్చిన సినిమాలన్నీ చెడిపోతాయని మాత్రం అనుకోకండి. రాస్ వదిలేసిన రెండో హంగర్ గేమ్స్‌ని ఫ్రాన్సిస్ లారెన్స్ తీశారు. అది మొదటిదానికన్నా ఎక్కువ వసూలు చేసింది. కొందరు దర్శకులు ఒత్తిడిలోనే బాగా పనిచేస్తారు. మీరు ఏ రకమో మీకు తెలియాలి. మొదటి సినిమా స్క్రిప్టుకి ఎంతకాలం పట్టిందో ఉత్తరంలో రాయలేదు. రెండేళ్లు పట్టుంటే ఈ పదకొండు నెలల్లో స్క్రిప్టుకి మిగిలేది ఎంత? షూటింగు, ఎడిటింగు, డబ్బింగు, రీరికార్డింగు, పబ్లిసిటీ తీసేసి లెక్కేయండి. మహా అయితే పది వారాలు.

ఇక రెండో కారణం. దీన్ని ఇంటర్వ్యూల్లో గొప్పగా చెప్పుకోరు గానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఒళ్లు హూనమైపోవడం. బయటివాళ్లకి హిట్ కనిపిస్తుంది. తీసినవాడికి ఆ షూటింగ్ గుర్తుంటుంది.

సొరచేప సినిమా 'జాస్' తీసేటప్పుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్‌కి ఇరవయ్యేడేళ్లు. 55 రోజుల షెడ్యూల్ 159 రోజులైంది. స్టూడియో నీళ్ల తొట్టెల్లో కాకుండా నిజం సముద్రం మీదే తీయాలని పట్టుబట్టారు. యంత్రం సొరచేపని తయారుచేసినవాళ్లు ఉప్పునీళ్లలో పరీక్షించి చూడలేదు. సముద్రంలోకి దించితే ఉప్పునీళ్లకి లోపలి భాగాలు పాడై మాటిమాటికీ మొరాయించేది. యూనిట్‌వాళ్లే విసుగెత్తి సినిమా పేరుని వెక్కిరింతగా మార్చి పిలుచుకునేవాళ్లు. చివరి షాట్ తీసే రోజున స్పీల్‌బర్గ్ అక్కడ లేరు. యూనిట్ అంతా కలిసి తనని ఎత్తి నీళ్లలో పడేస్తారని అనుమానం వచ్చి ముందే జారుకున్నారు. 1975లో సినిమా విడుదలై అప్పటిదాకా ఉన్న వసూళ్ల రికార్డులన్నీ దాటేసింది. ఇంకోసారి అదే సొరచేప, అదే సముద్రం అంటే ఎవరు మాత్రం వెళ్తారు? ఆయన వేరే సినిమా పనిలో పడ్డారు. 'జాస్ 2' మొదలుపెట్టిన దర్శకుణ్ణి కొన్ని వారాలకే తీసేసి, జానో స్వార్క్ చేత పూర్తి చేయించి 1978లో విడుదల చేశారు.

జార్జ్ లూకాస్ కూడా అంతే. మొదటి 'స్టార్ వార్స్' పని ఒత్తిడికి ఛాతీ నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. 1980లో వచ్చిన రెండోదానికి డబ్బు పెట్టుకున్నారు, కథ ఇచ్చారు, దర్శకత్వం మాత్రం ఇర్విన్ కెర్ష్‌నర్‌కి అప్పగించారు. హ్యారీ పాటర్ మొదటి రెండూ తీసిన క్రిస్ కొలంబస్ మూడోదానికి నిర్మాతగా మాత్రమే ఉన్నారు. రెండున్నరేళ్లుగా పిల్లలతో కలిసి రాత్రి భోజనం చేయలేకపోయానన్నది ఆయన చెప్పిన కారణం. నాకు నచ్చిన కారణాల్లో ఇదొకటి. కళ, తపన లాంటి పెద్ద మాటలేవీ లేవు అందులో.

మీరు రాసిన "పనైపోయిందనిపిస్తోంది" మూడో రకం. దీన్ని పక్కవాళ్లకి వివరించడం కష్టం. 'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్' ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, ఐదు ఆస్కార్లూ తెచ్చుకున్న సినిమా. దాని తరువాయి నవల చేతికొచ్చాక దర్శకుడు జొనాథన్ డెమ్మీ చేయనన్నారు. హీరోయిన్ జోడీ ఫోస్టర్ కూడా చేయనన్నారు. 2001లో 'హానిబల్'ని రిడ్లీ స్కాట్ తీశారు. మ్యాట్రిక్స్ తీసిన అక్కాచెల్లెళ్లయితే నాలుగోదాని దగ్గర ఇద్దరూ రెండు దారులు పట్టారు. 2021లో లానా ఒక్కరే తీశారు. చేసేసిన పని దగ్గరికే మళ్లీ వెళ్లడం తనకి ఇష్టం లేదని లిల్లీ చెప్పారు. ఒకే ఇంట్లో, ఒకే సినిమా గురించి ఇద్దరికీ చెరో జవాబు. ఇందులో ఒకరిది ఒప్పు, ఒకరిది తప్పు అని నేననలేను.

పనైపోవడం అంటే ఏంటో నాకు అర్థమైన రోజు ఒకటుంది. కో-డైరెక్టర్‌గా ఉన్నప్పుడు ఒక రెండో భాగం స్టోరీ సిట్టింగ్స్‌లో కూర్చున్నాను. సినిమా పేరు అనవసరం. గోడకి తెల్లబోర్డు పెట్టి, మొదటి భాగంలో విజిల్స్ పడ్డ చోట్లన్నీ వరసగా రాశారు. హీరో ఎంట్రీ, బస్సు సీను, కొడుకు తాగొచ్చి తండ్రితో మాట్లాడే సీను, ఇంటర్వెల్, ఇలా మొత్తం పదకొండు. ఒక్కోదాని పక్కన ఖాళీ గడి. "ఈసారి దీని బదులు ఏంటి" అన్నది అందులో నింపాలి. డైరెక్టర్ గారు మొదటి రోజు హుషారుగానే నాలుగు నింపారు. మూడో రోజుకి తండ్రి సీను దగ్గర బండి ఆగింది. మొదటి భాగం చివర్లో తండ్రి చనిపోతాడు. "పోనీ మేనమామని పెడదామా సార్" అన్నారెవరో. ఆయన కాసేపు ఆ గడి వైపే చూసి, మార్కర్‌కి మూత పెట్టి, జేబులో వేసుకుని బయటికెళ్లారు. ఫోన్ మాట్లాడి వస్తారనుకున్నాం. రాలేదు. ఆ సినిమా చివరికి ఇంకొకరు తీశారు.

తర్వాత ఎప్పుడో కలిసినప్పుడు అడిగాను. ఆ తండ్రి సీను రాసేటప్పుడు అది పండుతుందో లేదో తనకే తెలియదన్నారు. షూటింగ్ రోజు కూడా అనుమానంగానే తీశారట. తెలియకుండా తీసినదాన్ని ఈసారి కొలత పెట్టి తీయమంటే చెయ్యి ఆడలేదన్నారు. మొదటి సినిమాకి దర్శకుడు ప్రేక్షకుడికి మాత్రమే జవాబు చెప్పుకుంటాడు. రెండోదానికి మొదటి సినిమాకి కూడా చెప్పుకోవాలి. హిట్టయితే "ఆ బ్రాండ్ ఉంది కాబట్టి ఆడింది" అంటారు, పోతే "డైరెక్టర్ చెడగొట్టాడు" అంటారు. ఈ లెక్క తెలిసినవాళ్లు వద్దనడంలో ఆశ్చర్యం లేదు.

మధ్యలో ఒక మాట. వద్దన్నారని మనం అనుకునేవాళ్లలో కొందరిని అసలు ఎవరూ అడిగి ఉండరు. 1979లో 'ఏలియన్' తీసిన రిడ్లీ స్కాట్‌ని రెండోదానికి పిలవలేదు. తననెవరూ అడగలేదని ఆయనే చెప్పారు. 1986లో జేమ్స్ కామెరాన్ ఆ భయపెట్టే కథని యుద్ధం సినిమాగా మార్చి హిట్ కొట్టారు. అదే కామెరాన్ తన 'టెర్మినేటర్' మూడోదానికి వచ్చేసరికి, చెప్పాల్సింది రెండో భాగంతోనే చెప్పేశానని పక్కకి తప్పుకున్నారు. ఇక "క్రియేటివ్ డిఫరెన్సెస్" అన్న మాట వార్తల్లో కనిపిస్తే అది ఉద్యోగాల్లో "వ్యక్తిగత కారణాలు" లాంటిదని అర్థం చేసుకోండి. లోపల ఏం జరిగిందో ఆ మాట ఎప్పుడూ చెప్పదు.

ఇప్పుడు మీ సంగతి. వద్దనొచ్చా అంటే, నిరభ్యంతరంగా అనొచ్చు. అయితే అనే ముందు ఒకటి గుర్తు పెట్టుకోండి. మీరు వద్దంటే మీరు ఆగుతారు, సినిమా ఆగదు. మామూలు అగ్రిమెంట్లలో కథ మీద, పాత్రల మీద, రెండో భాగం మీద హక్కులు నిర్మాతకే ఉంటాయి. 'శంకర్ దాదా ఎంబీబీఎస్' జయంత్ తీశారు, 'శంకర్ దాదా జిందాబాద్' ప్రభుదేవా తీశారు. 'డీజే టిల్లు' విమల్ కృష్ణది, 'టిల్లు స్క్వేర్' మల్లిక్ రామ్‌ది. 'ఏక్ థా టైగర్' కబీర్ ఖాన్ తీస్తే తర్వాతిది అలీ అబ్బాస్ జఫర్ తీశారు. జనం టికెట్ కొనేది ఆ పాత్రని చూసి, ఆ పాత్ర వేసిన నటుణ్ణి చూసి. దర్శకుడు మారాడని గమనించేవాళ్లు తక్కువ. మీ హీరో మాట తీరు, మీరు రాత్రిళ్లు కూర్చుని రాసుకున్న ఊతపదం, ఇంకొకరి చేతిలో ఇంకోలా తెర మీద కనిపిస్తాయి. అది చూడగలరా? మొదట ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోండి. ఎందుకంటే కొందరు ఆ ఒక్క కారణానికే వెనక్కి వచ్చారు. 'బ్యాక్ టు ద ఫ్యూచర్' రెండో భాగం తామున్నా లేకపోయినా స్టూడియో తీసేస్తుందని తెలిసే దర్శకుడు రాబర్ట్ జెమెకిస్, రచయిత బాబ్ గేల్ దిగారు. అగ్రిమెంట్ వాళ్లకి అనుకూలంగా ఉంది కాబట్టి, వాళ్లిద్దరూ బతికున్నంతకాలం వాళ్లు ఒప్పుకోకుండా నాలుగోది తీయడానికి వీల్లేదు.

ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా కథ మీకు ఇంకా పనికొస్తుంది. 'ది గాడ్‌ఫాదర్' మొదటి భాగం తీస్తున్నంతకాలం స్టూడియోతో గొడవలే. రెండోది తీయనన్నారు, నాకు బదులు మార్టిన్ స్కోర్సేసీ చేత తీయించండన్నారు. స్టూడియో ఒప్పుకోలేదు. సరే, చేస్తాను గానీ అని షరతులు పెట్టారు. తనని మొదటిసారి వేధించిన స్టూడియో అధికారి ఈ సినిమా జోలికి రాకూడదు, నిర్ణయాలు తనవి, పేరు కూడా తను చెప్పిందే. "పార్ట్ 2" అని పెడితే జనం చూసేసిన సినిమాలో రెండో సగమేమో అనుకుంటారని స్టూడియో భయపడింది. ఆయన పట్టు విడవలేదు. అలా 1974లో వచ్చిన ఆ సినిమా ఉత్తమ చిత్రం ఆస్కార్ తెచ్చుకుంది. సీక్వెల్‌కి ఆ అవార్డు రావడం అదే మొదలు. మరి 1990లో మూడోది? అప్పటికి ఆయన సొంత సినిమా దెబ్బతిని అప్పుల్లో ఉన్నారు. రెండోదానికి తన షరతుల మీద వెళ్లారు, మూడోదానికి అవసరం మీద వెళ్లారు. తేడా మీరే చూసుకోవచ్చు.

కాబట్టి నేను మీ స్థానంలో ఉంటే రేపే వద్దని చెప్పను. మొదట అగ్రిమెంట్ కాగితాలు తీసి, సినిమా అగ్రిమెంట్లు తెలిసిన లాయర్‌కి చూపించండి. కొన్నిటిలో రెండో సినిమా కూడా అదే బ్యానర్‌కి చేయాలన్న షరతు ఉంటుంది. ఉంటే మీరు వద్దనే ప్రశ్నే వేరు. రెండో భాగం వస్తే మొదట మిమ్మల్నే అడగాలని ఉందా, కథకుడిగా పేరు, పాత్రలకి రాయల్టీ ఉన్నాయా, అవీ చూడండి. లేకపోతే ఇప్పుడు అడగడానికి ఇదే సమయం. నిర్మాతకి మీతో పని ఉన్న రోజులు ఇవి.

తర్వాత ఒక పని చేయండి. మూడు వారాలు టైమ్ అడగండి. అడ్వాన్స్ మాత్రం తీసుకోకండి. చెక్కు బ్యాంకులో పడ్డాక వద్దన్న మాట నోటికి రాదు. ఆ మూడు వారాల్లో ఒక్క పేజీ రాయండి. మీ హీరో మొదటి భాగం చివర ఎలాంటి మనిషో, రెండో భాగం చివర ఎలాంటి మనిషవుతాడో రాయండి. విలన్ మారి, ఊరు మారి, మనిషి మాత్రం అలాగే ఉంటే మీ అనుమానం నిజమే, పనైపోయింది. మనిషి మారుతున్నాడంటే మీకు అలుపొచ్చింది కథతో కాకపోవచ్చు, గొడవ పదకొండు నెలలతో. అప్పుడు అడగాల్సింది ఇంకో పది నెలలు.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. "నా దగ్గర వేరే కథ ఉంది" అన్నారు. అది పూర్తిగా రాసిపెట్టుకున్న బౌండ్ స్క్రిప్టా, నాలుగు మాటల్లో చెప్పే లైనా? స్పీల్‌బర్గ్ సొరచేపని వదిలి వెళ్లినప్పుడు చేతిలో ఇంకో సినిమా ఉంది. లైన్ మాత్రమే పట్టుకుని ఉన్న హిట్‌ని వదిలేస్తే ఏడాది తర్వాత రెండూ లేకుండా కూర్చునే ప్రమాదం ఉంది. అలా కూర్చున్నవాళ్లని చూశాను. మరో సంగతి, మొదటిది హిట్టయ్యాక రెండో సినిమా ఏదైనా భయంగానే ఉంటుంది. సీక్వెల్ అంటే ఆ భయం ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే పక్కన పెట్టి కొలవడానికి స్కేలు రెడీగా ఉంటుంది. మీరు వద్దనుకుంటున్నది సీక్వెల్‌నా, ఆ కొలతనా? కొలతని అయితే కొత్త కథలోనూ అది తప్పదు.

అన్నీ చూసుకున్నాక కూడా వద్దనిపిస్తే, చెప్పే పద్ధతి ముఖ్యం. హీరో డేట్స్ తీసుకోకముందే, టైటిల్ అనౌన్స్ చేయకముందే చెప్పండి. ఫోన్లో వద్దు, వెళ్లి కలవండి. ఒంట్లో బాగోలేదని, ఇంట్లో పెళ్లని సాకులు చెప్పకండి. నెల తిరక్కుండా మీరు ఇంకో ఆఫీసులో కూర్చున్న ఫోటో బయటికొస్తుంది, ఆ బంధం అక్కడితో తెగిపోతుంది. "సార్, ఈ పాత్రలతో నా దగ్గర కొత్తగా చెప్పడానికేం లేదు. ఉందని నటించి మీ డబ్బు పెట్టించలేను" అనండి. కొపోలాలా ఒక పేరు చెప్పండి. మీ కో-డైరెక్టర్‌కి ఆ ప్రపంచం తెలుసు, ఆకలి ఉంది. ఆ కుర్రాడికి ఇదే మొదటి సినిమా కావచ్చు.

పేరుకి మిమ్మల్ని ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా ఉండమంటారు. అక్కడ జాగ్రత్త. 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' 1999 జులైలో సంచలనమైతే, రెండోది 2000 అక్టోబర్‌కే వచ్చేసింది. కొన్నాళ్లు ఆగుదామనుకున్న మొదటి దర్శకులు ఇద్దరూ దాని మీద ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లుగా ఉన్నారు, సినిమా మాత్రం తిట్లు తింది. స్క్రిప్టు చదివి మాట చెప్పే హక్కు, ఎడిట్ చూసే హక్కు కాగితం మీద ఉంటేనే పేరు వేయించుకోండి. లేకపోతే కథకుడి క్రెడిట్ చాలు.

కృతజ్ఞత సంగతి. ఆయన డబ్బు పెట్టారు, మీరు లాభాలతో తిరిగిచ్చారు. ఆ ఖాతా సరిపోయింది. అయినా మిగిలిందనిపిస్తే మీ కొత్త కథ ముందుగా ఆయనకే చెప్పండి. సీక్వెల్ వద్దన్న రోజునే, అదే గదిలో, లేచి రాకముందే చెప్పండి. స్క్రిప్టు సంచిలో పెట్టుకుని వెళ్లండి. అందుకే అది బౌండా, లైనా అని అడిగాను.

మాట్లాడి వచ్చాక ఏమన్నారో రాయండి. ఆ పదకొండు నెలలు ఎన్ని నెలలయ్యాయో తెలుసుకోవాలని ఉంది.